పచ్చజెండా ఊపే ముందు

నెల్లూరు నుంచి చెన్నై వెళ్లే దారిలో తడ, గుమ్మిడిపూండి దాటాక, రెడ్‌హిల్స్ రాకముందే షోళవరం తగులుతుంది. బస్సులో కునుకు తీసేవారికి అది దారిలో కనిపించే మరో బోర్డు మాత్రమే. మోటారు పోటీలంటే ప్రాణమైన వారికి మాత్రం అక్కడ ఒక్క నిమిషం ఆగాలనిపిస్తుంది. రెండో ప్రపంచ యుద్ధం నాటి విమానాల రన్‌వే మీద దశాబ్దాల పాటు రేసులు జరిగింది అక్కడే. ఆ పోటీలు నడిపిన మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్ 1953లో పుట్టింది. తర్వాత శ్రీపెరుంబుదూరు దగ్గరి ఇరుంగాట్టుకోట్టైలో సొంతంగా ట్రాక్ కట్టుకుంది. 1990 నుంచి పోటీలు అక్కడికి మారాయి.

మేం వెళ్లింది ఆ ట్రాక్‌కే. మా అక్క కొడుకు ఉద్యోగం చేసుకుంటూ, జీతంలో మిగిలినదంతా తన ఆర్15 బైకు మీద పెడతాడు. ఔత్సాహికుల కోసం జరిపే రేసులో పేరు నమోదు చేసుకున్నాడు. "మామయ్యా, నువ్వు తోడు రావాలి. అమ్మ ఒప్పుకోవాలంటే అదొక్కటే దారి" అన్నాడు. అక్క నిజంగానే ఆ షరతు మీదే ఒప్పుకుంది. శుక్రవారం మధ్యాహ్నం అద్దెకు తీసుకున్న పికప్ బండిలో బైకును నాలుగు వైపులా బెల్టులతో బిగించి బయలుదేరాం. షోళవరం ప్రాంతంలో చెన్నై అవుటర్ రింగ్ రోడ్డు ఎక్కితే నగరంలోకి పోకుండానే నజరత్‌పేట దగ్గర బెంగళూరు రహదారిలో దిగవచ్చు. కార్ల కంపెనీల కంటైనర్ లారీల వరుస అక్కడి నుంచే మొదలవుతుంది.

రాత్రి శ్రీపెరుంబుదూరులో బస. రామానుజాచార్యులు పుట్టిన ఊరు కదా, వాడు బైకు పనిలో ఉండగా నేను ఆదికేశవ పెరుమాళ్ గుడికి వెళ్లివచ్చాను. పొద్దున్నే ఆరింటికల్లా ట్రాక్ గేటు దగ్గరున్నాం.

మొదట తగిలేది స్క్రూటినీ వరుస. బైకునూ దాని మీద ఎక్కేవాణ్ణీ ఇద్దరినీ తనిఖీ చేసే చోటది. బెంగళూరు, కోయంబత్తూరు, హైదరాబాద్ నుంచి వచ్చినవాళ్లు బైకులు తోసుకుంటూ నిలబడ్డారు. రోడ్డు మీద చూసే బైకులకూ వీటికీ పోలిక తక్కువ. అద్దాలుండవు, హెడ్‌లైట్ ఉండదు, పక్క స్టాండు కూడా ఊడదీసేస్తారు. పడిపోయినప్పుడు పగిలి ట్రాక్ మీద గాజు ముక్కలయ్యేదేదీ, వంపులో నేలకు తగిలి బండిని ఎత్తివేసేదేదీ ఉండకూడదు. ఇంజిన్ కింద తొట్టిలాంటి తొడుగు ఒకటి తప్పనిసరి. లోపల నూనె కారినా అది వెనక చక్రం కిందికి పోకుండా అక్కడే ఆగాలి.

తనిఖీ బల్ల దగ్గరున్న పెద్దాయనకు అరవై దాటి ఉంటాయి. తమిళం, ఇంగ్లిషు, కాస్త తెలుగు. మా ముందున్న బైకు రేడియేటర్ మూత తీయించి, లోపలి నీళ్లను వేలితో తాకి, రెండు వేళ్ల మధ్య రుద్ది చూశారు. పచ్చటి కూలెంట్. మొత్తం పారబోసి మామూలు నీళ్లు పోసుకుని రమ్మన్నారు. మామూలు నీళ్లు ట్రాక్ మీద పడితే ఎండకు ఆరిపోతాయి. కూలెంట్‌లోని గ్లైకాల్ ఆరదు, జిడ్డులా పరుచుకుని వెనక వచ్చేవాణ్ణి జార్చేస్తుంది. తర్వాత నూనె బోల్టుకు కట్టిన సన్నటి స్టీలు తీగను గోటితో లాగి చూశారు. బోల్టు తలలో చిన్న రంధ్రం చేసి, తీగ దూర్చి, మెలితిప్పి, పక్కన కదలని భాగానికి కట్టాలి. ఇంజిన్ అదురుకు బోల్టు వదులైనా తీగ దాన్ని తిరగనివ్వదు.

ఇంకో కుర్రవాడి హెల్మెట్ ఆయన చేతిలో చాలాసేపు ఉండిపోయింది. లోపలి ధ్రువీకరణ స్టిక్కర్ చూశారు, గడ్డం పట్టీకి రెండు ఇనుప రింగులున్నాయా అని చూశారు. ఆ తర్వాత దాన్ని వెలుగుకు పెట్టి వెనక భాగాన్ని బొటనవేలి గోటితో మెల్లగా గీరారు.

"గీత పడింది సార్, అంతే" అన్నాడు కుర్రవాడు.

"గీత అయితే గోరు జారిపోతుంది తమ్ముడూ. ఇక్కడ ఆగుతోంది చూడు. ఇది పగులు" అని ఆ అబ్బాయి వేలిని పట్టుకుని అక్కడ పెట్టించారు. కుర్రవాడు ఇక మాట్లాడలేదు. పక్క గుడారంలో ఎవరో తమ రెండో హెల్మెట్ ఇస్తే దాంతో తిరిగి వచ్చాడు.

మా వాడి వంతు వచ్చింది. టైర్లు, బ్రేకు ప్యాడ్లు, గొలుసు, లివర్ల చివర గుండ్రటి బొడిపెలు, లెదర్ సూటు, వీపు రక్షణ, మణికట్టు దాటే గ్లవ్స్, అన్నీ బాగానే ఉన్నాయన్నారు. ఆఖరున ఇంజిన్ స్టార్ట్ చేయించి, చేయి తీసేయమన్నారు. హ్యాండిల్‌ను కుడికి పూర్తిగా తిప్పారు, చప్పుడులో మార్పు లేదు. ఎడమకు తిప్పారు. యాక్సిలరేటర్ మీద ఎవరి చేయీ లేదు, అయినా ఇంజిన్ చప్పుడు సన్నగా పెరిగింది. మళ్లీ తిప్పారు, మళ్లీ పెరిగింది. కొత్త హ్యాండిల్ బిగించినప్పుడు మెకానిక్ యాక్సిలరేటర్ కేబుల్‌ను ఫ్రేము చుట్టూ తిప్పిన దారి పొట్టిదైంది. హ్యాండిల్ ఎడమకు తిరిగినప్పుడల్లా అది కేబుల్‌ను లాగుతోంది. రోడ్డు మీద నెలల తరబడి నడిచినా తెలియని లోపం అది. ట్రాక్‌లో అదుపు తప్పి హ్యాండిల్ అటు తిరిగిన క్షణాన, తగ్గాల్సిన వేగం పెరుగుతుంది. ఆయన కాగితం మీద అడ్డగీత కొట్టి, "సరిచేసుకుని మళ్లీ వరుసలోకి రా. తొందరేం లేదు" అన్నారు. వాడి ముఖం వాడిపోయింది. నాకు మాత్రం ఆయన కాళ్లకు దణ్ణం పెట్టాలనిపించింది.

ట్యాంకు ఎత్తి, కేబుల్ దారి మార్చి, తిరిగి వరుసలో నిలబడి స్టిక్కర్ అంటించుకునేసరికి ఎనిమిదైంది. కాగితం మీద మొదటి ప్రాక్టీసు సమయం కూడా ఎనిమిదే. కానీ ఏదీ కదలలేదు. ఎనిమిదిన్నర అయింది, తొమ్మిది అయింది. లెదర్ సూట్లు వేసుకున్నవాళ్లు నడుము దాకా విప్పి చేతుల్ని ముడేసుకున్నారు. ఆ ఎండలో ఆ తోలు దుస్తుల్లో గంట కూర్చోవడమంటే ఏమిటో చూస్తేనే అర్థమవుతుంది. మా వాడికి గొడుగు పట్టి, మజ్జిగ తాగిస్తూ కూర్చున్నాను. కారణం ఎవరూ చెప్పలేదు. పుకార్లు మాత్రం బయలుదేరాయి. అనుమతి రాలేదని ఒకరు, డబ్బు గొడవని ఇంకొకరు.

అసలు సంగతి పిట్ (బైకులు ఆగి సిద్ధమయ్యే చోటు) గోడ దగ్గర నారింజ రంగు దుస్తుల్లో ఉన్న మార్షల్ అమ్మాయి చెప్పింది. ట్రాక్ పక్కన నిలబడి జెండాలు చూపేవాళ్లే మార్షళ్లు. నేను మా వాడితో మాట్లాడటం విని, "మీరు నెల్లూరు వాళ్లా అండీ?" అని పలకరించింది. వాళ్లింట్లో తెలుగే మాట్లాడతారట, తాతల కాలంలో చిత్తూరు వైపు నుంచి వచ్చి చెన్నైలో స్థిరపడ్డారట. వారమంతా ఉద్యోగం, ఇలాంటి రోజుల్లో జెండా పట్టుకుని ఎండలో నిలబడటం. రెండో అంబులెన్సు ఇంకా రాలేదు, పైగా కంచె సందులోంచి రెండు కుక్కలు లోపలికి దూరాయి, అంది.

"ఒక అంబులెన్సు ఉంది కదమ్మా, మొదలుపెట్టకూడదా?" అని అడిగాను.

"అది ఒకరిని తీసుకుని ఆసుపత్రికి వెళితే, రెండోవాళ్లు పడితే ఏం చేస్తామండీ?"

దానికి నా దగ్గర జవాబు లేదు. ఈ ట్రాక్ పొడవు సుమారు 3.7 కిలోమీటర్లు, 12 మలుపులు. వాటి పొడవునా ఉన్న మార్షళ్ల పోస్టుల నుంచి ఒక్కొక్కటిగా వైర్‌లెస్‌లో సిద్ధమని చెప్పాలి. డాక్టరు ఉండాలి, మంటలు ఆర్పే పరికరాలు ఉండాలి, తనిఖీ కారు ఒకసారి చుట్టి రావాలి. ఆ తర్వాతే పిట్ లేన్ చివర పచ్చజెండా. అది ఊగేసరికి పదవుతోంది.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. 2023 జనవరిలో ఇదే ట్రాక్‌పై జరిగిన కారు రేసులో సీనియర్ రేసర్ కె.ఇ. కుమార్ ప్రమాదంలో మరణించారు. అదే ఏడాది ఆగస్టులో జాతీయ మోటార్ సైకిల్ పోటీల్లో 13 ఏళ్ల బెంగళూరు బాలుడు పడిపోయి ప్రాణం కోల్పోయాడు. ఆ వారాంతపు మిగతా రేసులన్నీ రద్దు చేశారు. ఆ సంగతి తెలిసి ఈ పిట్ గోడ దగ్గర నిలబడినవాడికి అంబులెన్సు కోసం ఆగిన రెండు గంటలు బరువుగా అనిపించవు. పెద్ద పోటీలకూ ఈ ఆగడం తప్పలేదు. 2023 సెప్టెంబరులో గ్రేటర్ నోయిడాలోని బుద్ధ్ సర్క్యూట్‌లో మన దేశపు తొలి మోటోజీపీ (ప్రపంచ స్థాయి బైకు రేసు) జరిగినప్పుడు, అదనపు భద్రతా తనిఖీల వల్ల శుక్రవారం ప్రాక్టీసు ఆలస్యంగా మొదలైంది. ఆదివారం ఎండ తీవ్రత చూసి 24 ల్యాపుల (ట్రాక్ చుట్టూ తిరిగే చుట్ల) రేసును 21కి కుదించారు. 2024 ఆగస్టు 31న చెన్నై వీధుల్లో ఫార్ములా 4 కార్ల రాత్రి పోటీలు మొదలైనప్పుడూ, అంతర్జాతీయ ఆటోమొబైల్ సమాఖ్య భద్రతా ధ్రువీకరణ అందేదాకా కార్లు కదలలేదు.

మధ్యాహ్నం మా వాడి రేసుకు ముందు జరిగిన సెషన్‌లో ఒక బైకు మలుపులో జారి గులకరాళ్లలోకి దొర్లింది. అన్ని పోస్టుల్లో ఒక్కసారిగా ఎర్ర జెండాలు లేచాయి. ట్రాక్ మీదున్నవాళ్లంతా చేయి పైకెత్తి, వేగం తగ్గించి, ఒకరినొకరు దాటకుండా పిట్‌లోకి వచ్చారు. పడిన అబ్బాయి తనంతట తానే లేచాడు, కానీ భుజం పట్టుకుని వంగిపోయాడు. కాలర్ బోన్ విరిగినట్టుందని డాక్టరు అంబులెన్సులో పంపేశారు. ఆ బైకు గీసుకుంటూ పోయిన దారి పొడవునా నూనె. మార్షళ్లు సిమెంటు పొడి చల్లారు, పొడవాటి చీపుళ్లతో రుద్దారు, ఊడ్చారు, మళ్లీ చల్లారు. చివరికి ఒక అధికారి వచ్చి బూటు కాలితో ఆ చోట నొక్కి, జరిపి, ఇంకా జారుతోందని తల అడ్డంగా ఊపారు. మళ్లీ చీపుళ్లు. అంబులెన్సు తిరిగి వచ్చి తన చోట నిలబడేదాకా ఏ బైకూ కదలలేదు. అదంతా అయ్యేసరికి గంటకు పైగా పట్టింది.

ఆ గంటలోనే గొడవ మొదలైంది. తిరుగు రైలు ఉన్నవాళ్లు, సోమవారం ఉద్యోగాలున్నవాళ్లు, మళ్లీ స్క్రూటినీ ఎందుకని వాదించేవాళ్లు. ఒకాయన "ఇన్ని రూపాయలు కట్టి ఇన్ని ల్యాపులేనా?" అని గట్టిగా అడిగాడు. ఆ కోపం తప్పనలేను. బైకు తయారీ, టైర్లు, రవాణా, ప్రవేశ రుసుము కలిస్తే మధ్యతరగతి కుర్రవాడి నెలల పొదుపు. కానీ నా అభిప్రాయం నాకు స్పష్టంగా ఉంది. ఆపినందుకు నిర్వాహకులను ఒక్క మాట అనను. ఎందుకు ఆపారో చెప్పకుండా ఎండలో కూర్చోబెట్టినందుకు మాత్రం నిలదీస్తాను. ఎందుకంటే అది కూడా భద్రత విషయమే. ఒళ్లు చెమటతో తడిసి, గొంతు ఎండి, ఎప్పుడు పిలుస్తారో తెలియక మండిపోతున్నవాడు, పిలవగానే బండెక్కి మొదటి మలుపులోకి ఎలా వెళతాడు? పోయిన సమయాన్ని అక్కడే వసూలు చేసుకోవాలని చూస్తాడు. తనిఖీ బల్ల దగ్గర పట్టుకున్న లోపాలన్నిటికంటే అది ప్రమాదకరం. ఆ మాటే వెళ్లి నిర్వాహకుల్లో ఒకరితో చెప్పాను. ఆయన విసుక్కోలేదు. పావుగంట తర్వాత మైకులో మొదటిసారి ప్రకటన వినిపించింది: అంబులెన్సు దారిలో ఉంది, ట్రాక్ శుభ్రం చేస్తున్నాం, సాయంత్రం నాలుగున్నర దాకా ఎవరూ సూటు వేసుకోవద్దు. అరుపులు అప్పటికప్పుడే సద్దుమణిగాయి. జనం నీడ వెతుక్కుని కూర్చున్నారు, కొందరు కునుకు తీశారు.

మా వాడి రేసును 8 ల్యాపుల నుంచి 5కు తగ్గించారు. తనిఖీ కుదించకుండా పోటీని కుదించారన్నమాట. నిర్ణయమంటే అలా ఉండాలి. వాడు చివరి వరుసకు దగ్గరగా మొదలుపెట్టి, మధ్యలోకి వచ్చి ముగించాడు. రెండో ల్యాపులో మలుపు దగ్గర వెనక చక్రం జారి హ్యాండిల్ ఒక్కసారి ఎడమకు కొట్టుకుందట. పిట్‌లోకి వచ్చి హెల్మెట్ తీశాక మొట్టమొదట చెప్పింది అదే. "పొద్దున కేబుల్ అలాగే ఉండి ఉంటే మామయ్యా..." అని ఆగిపోయాడు.

రేసు తర్వాత కూడా మొదటి మూడు స్థానాల బైకులను పక్కకు తీసుకెళ్లి మళ్లీ విప్పి చూస్తారు. మాకు ఆ పని లేదు. అయినా వాడు ఆ పెద్దాయన దగ్గరికి వెళ్లి కేబుల్ చూపించాడు. ఆయన ఈసారి కూడా హ్యాండిల్ అటూ ఇటూ తిప్పి, చెవి దగ్గరగా పెట్టి విన్నారు. "ఈ దారి పనికొస్తుంది, కానీ కేబుల్ కాస్త నలిగింది. వచ్చేసారికి కొత్తది వేసుకో, ఒకటి అదనంగా సంచిలో పెట్టుకో" అని చెప్పి, తర్వాతి బైకు వైపు వంగారు.