రెండంగుళాల మంచు, బావగారి నవ్వు

ఈ రాత్రి నిద్ర పట్టకపోవడానికి కారణం చలి కాదు, మా బావగారు. పొద్దున ఫోను చేసి, "ఏమ్మా మరదలా, రెండంగుళాల మంచుకే మీ ఊరంతా తలుపులు బిగించుకుని కూర్చుందటగా" అని నవ్వారు. ఆయన ఉండే చోట మోకాలి లోతు పడినా బడి గంట వేళకే మోగుతుందట, పిల్లలు బూట్లు తొడుక్కుని నడిచిపోతారట. అక్క వెనకనుంచి "ఊరుకోండి" అంటూనే ఉంది గానీ, ఆ గొంతులోనూ నవ్వే వినిపించింది. నేను పెద్దగా బదులు చెప్పలేదు. అనవలసిన మాటలన్నీ నాకు ఫోను పెట్టేశాకే తడతాయని మీకు తెలుసు కదా.

అక్కడ పిల్లలు బడికి వెళ్ళగలుగుతున్నారంటే, తెల్లవారకముందే వీధిలో మంచును పక్కకు తోసే బళ్ళు తిరిగాయన్నమాట, ఉప్పు చల్లారన్నమాట, కార్లకు చలికాలపు టైర్లు వేసి ఉన్నాయన్నమాట. ఆ ధైర్యం బావగారిది కాదు, ఆయన వీధిలో తిరిగే బండిది. మంచు ఎప్పుడో ఒకసారి గానీ పడని ఊరు అలాంటి బళ్ళను కొని, ఏళ్ళ తరబడి షెడ్డులో తుప్పు పట్టనిస్తే ఆయనే మొదట నవ్వేవారు. పైగా ఇక్కడ పడేది పొడి మంచు కాదు. పగలు కాస్త కరిగి, రాత్రి మళ్ళీ గడ్డకట్టి, తారు రంగులోనే కనబడకుండా రోడ్డును అంటుకుని ఉంటుంది. కింద నేల వెచ్చదనం అందని వంతెనలైతే రోడ్డు కంటే ముందే గడ్డకడతాయి. 2014 జనవరిలో అట్లాంటాలో పడినదీ రెండు మూడు అంగుళాలే. ఆఫీసులూ బడులూ ఒకేసారి వదిలిపెట్టేసరికి జనమంతా ఒకే వేళకు రోడ్డెక్కి, ఎందరో ఆ రాత్రి కార్లలోనే గడిపారు, కొన్ని బడుల్లో పిల్లలు తెల్లవార్లూ ఉండిపోయారు. అలా చిక్కుకోవడం కంటే, మా ఊరిలా ముందు రోజు రాత్రే అన్నీ మూసేయడం తెలివైన పని కాదా?

ఇంతలో ఎదురింటాయన తెలివి కూడా చూశాము. మెట్ల మీద మంచును కరిగించడానికి బకెట్టుతో వేడినీళ్ళు తెచ్చి పోశారు. ఒక్క క్షణం పొగలు లేచి, మెట్లు నల్లగా శుభ్రంగా బయటపడ్డాయి. ఆయన గర్వంగా మా కిటికీ వైపు చూశారు. కాసేపటికి ఆ నీళ్ళు అద్దంలా గడ్డకట్టి, ఆయన సొంత ఇంటి మెట్లే దిగలేక లోపల ఉండిపోయారు.

ఆ వేడినీళ్ళ బకెట్టు చూస్తే మా అమ్మ గుర్తొచ్చింది. చిన్నప్పుడు మాకు తెలిసిన మంచంతా ఫ్రిజ్‌లోదే. పాత ఒంటి తలుపు ఫ్రిజ్ పై అరలో మంచు పేరుకుని పేరుకుని, చివరకు ఐసు ట్రే కూడా బయటికి రాని పరిస్థితి వచ్చేది. అప్పుడు అమ్మ ఎండాకాలపు మధ్యాహ్నం చూసుకుని స్విచ్ ఆపేసి, గిన్నెడు వేడినీళ్ళు ఆ అరలో పెట్టి మూత వేసేది. నాన్న చాకు పట్టుకుని వస్తే, గొట్టానికి కన్నం పడి గ్యాసు పోతుందని అరిచి వెనక్కు పంపేది. అక్కా నేనూ చెంచాలతో గీకి, వేళ్ళు మొద్దుబారేదాకా ఆ పొడిని పిడికిళ్ళలో పట్టుకునేవాళ్ళం. దానికి పచ్చికొబ్బరి వాసనా ఇనుము వాసనా కలిసి ఉండేవి. తినవద్దన్నా తినేవాళ్ళం. కింద పరిచిన పాత తువ్వాలు తడిసి ముద్దయ్యాక గానీ ఆ పండుగ ముగిసేది కాదు. ఇప్పుడు మోకాలి లోతు మంచు గురించి ఉపన్యాసాలిచ్చే బావగారికి, పెళ్ళయ్యేదాకా అంతకు మించిన మంచు తెలియదని అక్కే చెప్పింది.

పిల్లలు మాత్రం ఈ రోజంతా ఆనందంగా గడిపారు. చిన్నది మేజోళ్ళను చేతులకు తొడుక్కుని తిరిగింది, పెద్దవాడు ఫోను ముట్టుకోలేదు. కొత్త మంచులోని గాలి సందులు శబ్దాన్ని పీల్చేస్తాయట, అందుకే వీధి అంత నిశ్శబ్దంగా ఉంది. అత్తయ్యగారికి ఆ నిశ్శబ్దం నచ్చక టీవీ గట్టిగా పెట్టుకున్నారు.

ఇంతవరకూ రాశాక, బావగారికి చెప్పాలనుకున్న జవాబు నాకే అంత గట్టిగా అనిపించడం లేదు. మంచు తోసే బళ్ళు కొనకపోవడం వేరు, అసలు ఏ ఏర్పాటూ చేసుకోకపోవడం వేరు. టెక్సాస్‌లో 2011 ఫిబ్రవరిలో చలికి విద్యుత్ కేంద్రాలు ఆగిపోతే, వాటిని చలికి తట్టుకునేలా సిద్ధం చేయాలని అధికారుల నివేదిక అదే ఏడాది చెప్పింది. పదేళ్ళ తరువాత, 2021 ఫిబ్రవరిలో, అదే రాష్ట్రంలో 45 లక్షలకు పైగా ఇళ్ళకు, దుకాణాలకు కరెంటు పోయింది. అధికారిక లెక్క ప్రకారమే 246 మంది చనిపోయారు. ఒకసారి జరిగి, కారణమూ కాగితం మీదకు వచ్చాక, "మాకు అలవాటు లేదు" అనే మాట ఇంకెన్నాళ్ళు చెల్లుతుంది?

మా ఇంటి సంగతే చూడండి. వంటింటి గొట్టం ఏ తొడుగూ లేకుండా బయటి గోడ వెంటే పోతుంది. నీరు గడ్డకడితే సుమారు తొమ్మిది శాతం ఉబ్బుతుంది, గొట్టం పగిలిన సంగతి కరిగాక గానీ బయటపడదు. ప్రస్తుతానికి కుళాయిని సన్నటి ధారగా వదిలి, సింకు కింది అర తలుపులు తెరిచి పెట్టాము. తొడుగు వేయిద్దామని రాత్రి భోజనాల దగ్గర మా ఆయనతో అంటే, "మళ్ళీ ఎన్నేళ్ళకు పడుతుందో, ఇప్పుడెందుకులే" అన్నారు. కిందటిసారి మంచు పడినప్పుడూ అక్షరం పొల్లు పోకుండా ఇదే అన్నారని అత్తయ్యగారు అందించారు. తల్లీ కొడుకుల మధ్య అది ఇంకా తేలలేదు. రోడ్లు తెరుచుకోగానే ప్లంబరుకు ఫోను చేసేది మాత్రం నేనే.