బుజ్జి ఎలుకల మందు తిన్న రోజు

పోయిన కార్తీకమాసంలో సంగతి. బియ్యం బస్తాల గదిలో ఎలుకలు ఎక్కువయ్యాయని మా ఆయన ఎలుకల మందు కేకు తెచ్చి బస్తాల వెనక పెట్టారు. సాయంత్రం దీపానికి నూనె తీసుకొచ్చిన అత్తయ్య తలుపు గడియ మర్చిపోయారు. నేను చూసేసరికి మా కుక్క బుజ్జి మీసాలకు ఆకుపచ్చ పొడి అంటుకుని ఉంది. పక్కన చింపేసిన ప్యాకెట్. కేకు సగమే మిగిలింది.

నాకు కాళ్లూ చేతులూ ఆడలేదు. "ఉప్పునీళ్లు పొయ్యి, కక్కేస్తుంది" అన్నారు అత్తయ్య. "పాలు తాగించమ్మా, విషం విరుగుతుంది" అంది పక్కింటి పిన్నిగారు. ఇద్దరిదీ ప్రేమే. నేను మాత్రం ముందు పశువుల డాక్టరుగారికి ఫోన్ చేశాను. "ఏమీ పట్టొద్దమ్మా. ఎంతసేపయింది? బరువెంత? ప్యాకెట్ తీసుకుని వెంటనే వచ్చేయండి" అన్నారు. ఉప్పునీళ్లు ఎక్కువైతే రక్తంలో ఉప్పు పెరిగి ఫిట్స్ వస్తాయని, బలవంతంగా పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోవచ్చని తర్వాత చెప్పారు.

డాక్టరుగారు ముందు చదివింది ప్యాకెట్ మీద సన్నక్షరాలే. బ్రోమాడియోలోన్ అని ఉంది, అంటే రక్తం గడ్డకట్టనివ్వని రకం మందు. అదే జింక్ ఫాస్ఫైడ్ అయితే కడుపులోని ఆమ్లంతో కలిసి విషవాయువు పుడుతుంది, గంటల్లోనే ప్రాణం మీదికి వస్తుంది, దానికి విరుగుడు లేదు. మన కొట్లలో రెండింటినీ ఎలుకల మందు అనే అంటారు. అందుకే చిరిగిన ముక్కయినా సరే, ప్యాకెట్ పారేయకండి.

తిని గంట కూడా కాలేదు కాబట్టి ఇంజెక్షన్ ఇచ్చి కక్కించారు. ఆకుపచ్చ ముక్కలు పడుతుంటే నాకు ఏడుపాగలేదు. ఆ తర్వాత కడుపులో మిగిలిన విషాన్ని పట్టేసుకునే బొగ్గు మందు పట్టించారు.

రాత్రికి బుజ్జి తోకాడిస్తూ గిన్నె దగ్గర నిలబడింది. "బాగానే ఉందిగా, ఇంకా మాత్రలెందుకు?" అన్నారు మా ఆయన. నేను ఒప్పుకోలేదు. ఈ ఎలుకల మందు, రక్తం గడ్డకట్టడానికి కావలసిన కె విటమిన్ పనిని అడ్డుకుంటుంది. ఒంట్లో అప్పటికే ఉన్న, రక్తాన్ని గడ్డకట్టించే పదార్థాలు అయిపోయేదాకా కుక్క మామూలుగానే తిరుగుతుంది. మూడు నుంచి అయిదు రోజులకు లోపల రక్తం కారడం మొదలవుతుంది. చిగుళ్లు పాలిపోవడం, ఆయాసం, దగ్గు, మూత్రంలో రక్తం కనపడేసరికి చాలా ఆలస్యమైపోతుంది.

నాలుగు వారాలు విటమిన్ కె1 మాత్రలు వేశాం. కె1 అనే అడగాలి, కె3 దీనికి పనిచేయదు. కొవ్వుతో కలిస్తే ఒంటికి బాగా పడుతుందన్నారని నెయ్యి కలిపిన అన్నం ముద్దలో దాచి పెట్టేదాన్ని. చివరి మాత్ర వేసిన రెండు రోజులకు రక్తం గడ్డకట్టే పరీక్ష చేయించాం. రిపోర్టు నార్మల్ అని వచ్చేదాకా ఒకటే టెన్షన్.

ఇప్పుడు బియ్యం రేకు డ్రమ్ముల్లో ఉంటున్నాయి. ఎలుకలకు బోను పెడుతున్నాం. అత్తయ్య ఇప్పటికీ పొద్దున్నే కాఫీ తాగాక బుజ్జి పెదవి పైకెత్తి చిగుళ్లు గులాబీ రంగులో ఉన్నాయో లేదో చూస్తారు.