కారు బ్యాటరీ విప్పి, ఛార్జ్ చేసి, మళ్లీ బిగించాను

చాలాకాలం కదలకుండా ఉన్న కారు స్టార్ట్ అవలేదు. మీటరు పెట్టి చూస్తే బ్యాటరీలో 11.9 వోల్టులే ఉంది. నిండా ఛార్జ్ ఉంటే 12.6 దాకా చూపించాలి. బయటకు తీసి ఛార్జ్ చేద్దామనుకున్నాను.

ముందు ఉంగరం, వాచీ తీసేశాను. కళ్లద్దాలు, రబ్బరు గ్లౌజులు పెట్టుకున్నాను. లోపల ఉండేది సల్ఫ్యూరిక్ యాసిడ్, కంట్లో పడితే చూపుకే ముప్పు. అందుకే బకెట్ నిండా నీళ్లు పక్కనే ఉంచుకున్నాను.

మొదట విప్పాల్సింది నెగటివ్ టెర్మినల్‌కి (మైనస్ గుర్తున్న కడ్డీకి) బిగించిన కేబుల్. ఈ ఒక్క విషయం అందరికీ తెలియాలని నా ఆరాటం. ఇప్పటి కార్లలో ఇనుప బాడీ అంతా నెగటివ్‌కే కలిపి ఉంటుంది. పాజిటివ్ నట్టు ముందు విప్పుతుంటే స్పానర్ రెండో కొస బాడీకి తగిలిందా, వందల ఆంపియర్ల కరెంటు ఆ స్పానర్‌లోంచే పారుతుంది. నిప్పురవ్వలు లేస్తాయి, చెయ్యి కాలుతుంది, బ్యాటరీ పేలినా పేలొచ్చు. నెగటివ్ ముందే తీసేస్తే ఆ దారే ఉండదు. తీసిన కేబుల్ వెనక్కి వచ్చి తగలకుండా గుడ్డ చుట్టి పక్కకు వంచాను.

టెర్మినల్ చుట్టూ తెల్లటి పొడి పేరుకుంది. దాన్ని నోటితో ఊదకూడదు. వంటసోడా కలిపిన నీళ్లతో, పాత టూత్‌బ్రష్‌తో రుద్దితే బుసబుసమని నురగ వచ్చింది. అది ఆగాక కడిగేశాను. అంతసేపూ బ్యాటరీ పైనున్న సెల్ (లోపలి యాసిడ్ గది) మూతలు గట్టిగా బిగించే ఉంచాను, సోడా లోపలికి పోతే యాసిడ్ పాడవుతుంది.

మూతలు తీస్తే ఒక సెల్‌లో నీరు తగ్గి, లోపలి సీసం ప్లేట్లు పైకి కనిపించాయి. అవి మునిగేంత వరకే డిస్టిల్డ్ వాటర్ పోశాను. ఛార్జ్ అయ్యేటప్పుడు మట్టం పెరుగుతుంది, మిగతాది ఆ తర్వాతే. యాసిడ్ మాత్రం పోయకూడదు, తగ్గేది నీరే.

ఛార్జింగ్ గాలి ఆడే చోటే పెట్టాను. అప్పుడు హైడ్రోజన్ వస్తుంది, గాలిలో 4 శాతం చేరితే చాలు, చిన్న రవ్వకే అంటుకుంటుంది. అందుకే క్లిప్పులు తగిలించాకే స్విచ్ వేశాను, స్విచ్ ఆపాకే క్లిప్పులు తీశాను.

బిగించేటప్పుడు వరస తిరగబడుతుంది: పాజిటివ్ ముందు, నెగటివ్ చివర. ఇంజన్ వెంటనే అందుకుంది. అది నడుస్తుండగా మీటరు 14.2 చూపించింది, అంటే ఇంజన్ నడిచేటప్పుడు బ్యాటరీని ఛార్జ్ చేసే ఆల్టర్నేటర్ బాగానే ఉంది. టెర్మినల్స్‌కి వ్యాజిలీన్ రాసి, సీసం అంటి ఉంటుందని చేతులు సబ్బుతో బాగా కడుక్కున్నాను.