రాతి మీద ఐదు పేర్లు

ఇవాళ స్కాట్లండ్ రాజధాని ఎడిన్‌బరాలో ఓల్డ్ కాల్టన్ శ్మశానవాటికకి వెళ్లాను. మెట్లెక్కి లోపలికి వెళ్తే ఎదురుగా తొంభై అడుగుల రాతి స్తంభం. దాని మీద ఐదు పేర్లు, మొదటిది థామస్ మ్యూర్ అనే లాయరుది. పార్లమెంటు సంస్కరణ కావాలన్నందుకు 1793లో ఆయనకి 14 ఏళ్ల ద్వీపాంతర శిక్ష వేశారు. ఆస్ట్రేలియాకి ఓడెక్కించేశారు.

అప్పట్లో ఇంత పెద్ద ఊరికి ఎంపీని ఎన్నుకునేది 33 మంది కౌన్సిలర్లే! 1832 ఎన్నికల సంస్కరణ చట్టంతో అది మారింది కానీ, ఏడాదికి పది పౌండ్ల విలువైన ఇల్లున్న మగవాళ్లకే ఓటు. 1844లో ఈ స్తంభం కట్టేనాటికీ కూలివాళ్లకి ఓటు లేదు.

కోర్టులో మ్యూర్ అన్న మాట కింద చెక్కి ఉంది: తనని ప్రజల కోసం అర్పించుకున్నానని, ఈ ఆశయం చివరికి గెలిచి తీరుతుందని. రెండుసార్లు చదివాను. గొంతు పట్టేసింది. వానలోనే చాలాసేపు నిలబడిపోయాను.