స్టిక్కరు కాదండీ, బట్టీలో కాలిన బొమ్మ

బెంగళూరులో మగ్గులకు బొమ్మలెక్కించే పనిలో ఉన్న మన తెలుగువాళ్లకు అలవాటైన మాట: "బరీ స్టిక్కర్ అల్వా (ఉత్త స్టిక్కరే కదా)? దీనికింత రేటా?" మొన్న ఒక పెద్దాయన మగ్గును బల్ల మీద పెట్టి మరీ అన్నారు. పెడనలో అచ్చు అద్దిన చీర చూసి ఎవరైనా అలా అంటారా? కరక్కాయ నీళ్లు, ఉడకేయడం, కాలవలో ఉతకడం మనూళ్లో అందరి కళ్లముందూ జరుగుతాయి. ఇక్కడ ఆ పనంతా షెడ్డు లోపలే ఉండిపోతుంది.

మా మగ్గులు బోన్ చైనావి, అంటే ఎముక బూడిద కలిపిన పింగాణీవి. దాని పాళ్లు 1790లలో ఇంగ్లండులోని స్టోక్-ఆన్-ట్రెంట్‌లో స్పోడ్ అనే పింగాణీ కంపెనీ వాళ్ల దగ్గర కుదిరాయి: సుమారు సగం ఎముక బూడిద, మిగతా సగంలో చైనా మట్టీ (తెల్లటి పింగాణీ మట్టి), కార్నిష్ రాయీ (ఇంగ్లండులోని కార్న్‌వాల్ రాయి) చెరిసగం. బూడిద పశువుల ఎముకలదే. మడి పాటించేవాళ్లకు ఈ సంగతి దాచకుండా చెప్పి అమ్మాలి.

మట్టి పావువంతే కనక ముద్ద సాగదు. ప్లాస్టర్ అచ్చులో పలచటి బురద పోసి, గోడ కట్టాక మిగిలింది వంపేస్తారు. పిడిని విడిగా పోసి అదే బురదతో అతికిస్తారు. రెంటి తడీ సరిపోలకపోతే అతుకు దగ్గర పగులుతుంది. మొదటి కాల్పు 1,200 నుంచి 1,250 డిగ్రీలు. వేడి కాస్త ఎక్కువైతే మగ్గు కుంగుతుంది, తక్కువైతే గోడలోంచి వెలుతురు రాదు. పిడి వైపు లాగి మూతి కోలగా పోతుందని మూతికి ఆధారం పెట్టి కాలుస్తారు. తరవాత గ్లేజు (గాజులా మెరిసే పూత) పూసి, అంతకన్నా తక్కువ వేడిలో రెండోసారి.

ఇక బొమ్మ. సిరామిక్ రంగుల్ని, రంగుకో స్క్రీను చొప్పున, జిగురు కాగితం మీద అచ్చువేసి పైన కవర్‌కోట్ (బొమ్మను పట్టి ఉంచే పలచటి పొర) వేస్తారు. గోరువెచ్చని నీళ్లలో నానితే బొమ్మ కాగితం మీంచి జారుతుంది. మగ్గు మీద పెట్టి, రబ్బరు ముక్కతో నడిమి నుంచి అంచులకు నీళ్లూ గాలీ తోసెయ్యాలి. అసలు చెయ్యి ఇక్కడే తెలుస్తుంది. ఆవగింజంత చుక్క లోపల మిగిలినా బట్టీలో ఆవిరై రంగును చీల్చుకుని వస్తుంది, అక్కడ తెల్లమచ్చ పడుతుంది. అడుగు సన్నగా, మూతి వెడల్పుగా ఉన్న మగ్గుకు బొమ్మను ముందే వంపుగా గీయించాలి. తిన్నటి బొమ్మ అంటిస్తే ముడతలే. రాత్రంతా ఆరనివ్వాలి, వానాకాలంలో ఇంకా ఎక్కువ. ఆపైన 800 డిగ్రీల చుట్టుపక్కల కాల్పు. 500 దాటేదాకా వేడి మెల్లగా ఎక్కాలి, బట్టీకి గాలిదారి తెరిచి ఉండాలి. కవర్‌కోట్ పొగ లోపలే చిక్కితే రంగులు మసకబారతాయి, ముందు దెబ్బతినేది ఎరుపు. బంగారు అంచును కుంచెతో గీసి, చాలాచోట్ల దానికి వేరే కాల్పు ఇస్తారు.

గిఫ్టు కొట్లలో దొరికే ఫొటో మగ్గు పని వేరు. దాని మీద పాలిమర్ పూత ఉంటుంది. 180, 200 డిగ్రీల ప్రెస్సులో కొద్ది నిమిషాల్లో రంగు ఆ పూతలోకి దిగుతుంది. పూత గీరుకుపోతే బొమ్మా పోతుంది. మా బొమ్మ గ్లేజుతో కలిసి కరిగినది. ఏటవాలు వెలుతురులో చూస్తే రంగు అంచు సన్నటి గట్టులా కనబడుతుంది, వేలికీ తగులుతుంది.

అయినా స్టీలు పీచుతో తోమకండి. బంగారు అంచున్నదాన్ని మైక్రోవేవ్‌లో పెట్టొద్దు, నిప్పురవ్వలు లేస్తాయి.