క్రీటు పడమటి తీరంలో ఏ రోజు ఏ బీచ్: గాలిని చూసి ఎంచుకున్న ఎనిమిది రోజులు

క్రీటులోని హనియా పట్టణానికి బయల్దేరేటప్పుడు నా దగ్గర పదకొండు బీచ్‌ల జాబితా ఉంది. ఏ తేదీన ఎక్కడికో కూడా రాసి పెట్టుకున్నాను. రెండో రోజే ఆ తేదీలన్నీ కొట్టేయాల్సి వచ్చింది. గ్రీసు దేశపు క్రీటు దీవిలో ఫోటో చూసి, దూరం చూసి బీచ్ ఎంచుకుంటే సగం రోజులు ఒడ్డున కూర్చుని ఇసుక దులుపుకోవడానికే సరిపోతుంది. ముందు చూడాల్సింది గాలి. అది తేలాకే మిగతావి.

మన తీరం అలవాటైన వాళ్లకు ఇది వెంటనే తట్టదు. విశాఖలో పోటుకీ పాటుకీ మధ్య నీటిమట్టం మీటరుకు పైగా మారే రోజులుంటాయి. మధ్యధరా సముద్రంలో ఆ తేడా చాలా చోట్ల ఒక జానెడు. పొద్దున ఎంత ఇసుక ఉందో సాయంత్రానికీ అంతే. సముద్రం తీరు మార్చేది గాలి ఒక్కటే. వేసవిలో అక్కడ ఉత్తరం నుంచో వాయవ్యం నుంచో వీచే గాలిని మెల్తెమి అంటారు. బాల్కన్ దేశాల మీద అధిక పీడనం, టర్కీ మీద అల్పపీడనం ఉండటం వల్ల పుట్టే గాలి అది. టర్కీ మీది ఆ అల్పపీడనం మనకు రుతుపవనాలను లాక్కొచ్చే ద్రోణికి పడమటి కొస. మన పొలాల్లో నాట్లు పడే నెలల్లోనే అక్కడ మెల్తెమి జోరు. జూలై, ఆగస్టుల్లో ఒకసారి పట్టుకుంటే మూడు నాలుగు రోజులు వదలదు. పొద్దున మెత్తగా ఉంటుంది, పదకొండుకి లేస్తుంది, మధ్యాహ్నం రెండు నుంచి ఐదు దాకా గట్టిగా వీస్తుంది, పొద్దుగూకేసరికి తగ్గుతుంది.

మేం వెళ్లింది జూలై చివర్లో. బస హనియా పాత రేవు దగ్గర. పడమటి క్రీటు చూడాలంటే బసకు హనియానే మేలు. ఉత్తర తీరం కాళ్ల కింద ఉంటుంది, పడమటి తీరం గంట నుంచి రెండు గంటలు, దక్షిణ తీరం గంటన్నర పైన. దక్షిణానికి వెళ్లాలంటే తెల్ల కొండలు దాటాలి. వాటి శిఖరం పాఖ్నెస్ ఎత్తు 2,453 మీటర్లు. మ్యాపులో నలభై కిలోమీటర్లు కనిపించేది రోడ్డు మీద డెబ్బై అవుతుంది. ఆ డెబ్బైలో చాలా భాగం మలుపులే. వాంతులయ్యే పిల్లలుంటే ఆ రోజు ఇడ్లీల్లాంటి తేలిక టిఫినే పెట్టండి.

జాబితాలోని ప్రతి బీచ్ పక్కన అది ఏ దిక్కుకు తెరుచుకుని ఉందో రాశాను. మొత్తం పనిలో ఎక్కువ ఫలితం ఇచ్చింది ఇదే. ఉపగ్రహ చిత్రం తెరిచి, ఇసుకలో నిలబడి సముద్రం వైపు చూస్తున్నట్టు ఊహించుకుంటే దిక్కు తెలిసిపోతుంది. తర్వాత రోజూ రాత్రి తొమ్మిదికి ఒకసారి, పొద్దున ఏడుకి ఒకసారి విండీ యాప్‌లో నాలుగు అంకెలు చూశాను: గాలి దిక్కు, సగటు వేగం, ఒక్కసారిగా విసిరే జోరు, అల ఎత్తు. సగటు గంటకు 15 కిలోమీటర్ల లోపు ఉంటే ఎక్కడికైనా వెళ్లొచ్చు. 20 నుంచి 28 మధ్య ఉంటే, అంటే గ్రీకులు నాలుగు బోఫోర్ అనే స్థాయికి వస్తే, గాలి చాటున ఉన్న తీరానికి మారాలి. 29 దాటితే పిల్లలతో పడవ ఎక్కకపోవడం మంచిది. జోరు 40 దాటితే గొడుగు నిలవదు. అల అర మీటరు దాటితే చిన్నపిల్లలను నీళ్లలో వదలలేం.

ఇక్కడ చాలామంది ఒక పొరపాటు చేస్తారు. ఉత్తరపు గాలి అంటే ఉత్తరం నుంచి వచ్చే గాలి. మ్యాపులో బాణం మాత్రం అది పోయే దిక్కు చూపిస్తుంది. బాణం దక్షిణానికి తిరిగి ఉంటే దక్షిణపు గాలి అనుకుని సరిగ్గా ఎదురుగాలి ఉన్న ఒడ్డుకే వెళ్లిపోతారు.

ఉత్తరపు గాలి వీస్తుంటే కొండల వెనకున్న దక్షిణ తీరం ప్రశాంతంగా ఉంటుందని పుస్తకాల్లో ఉంటుంది. సగం నిజం. కొండలను అడ్డంగా కోసుకుని సమరియా, అరదేనా లాంటి గండ్లున్నాయి. మన గండికోటలా నిలువు గోడల మధ్య ఇరుకు దారులివి. ఉత్తరపు గాలి వీటిలో దూరి, కిందికి దిగుతూ వేగం అందుకుని, గండి నోటి దగ్గర సముద్రం మీద విరుచుకుపడుతుంది. కెరటాలుండవు, నీళ్లు గాజులా ఉంటాయి, ఇసుక మాత్రం పిక్కల మీద సూదుల్లా గుచ్చుతుంది. తొమ్మిది కిలోమీటర్ల గడులతో లెక్కగట్టే వాతావరణ నమూనాకు ఇంత సన్నటి గండి కనపడదు. అందుకే యాప్‌లో 12 ఉన్న రోజున కూడా గండి నోట్లో 40 రావచ్చు. పైగా ఆ గాలి ఒడ్డు నుంచి సముద్రం లోపలికి తోస్తుంది. గాలి నింపే బొమ్మలు, పరుపులు అక్కడ నీళ్లలో వేయకండి. అవి కొట్టుకుపోతాయి, పట్టుకోబోయిన మనిషి కూడా వాటి వెంటే పోతాడు.

దక్షిణానికి ఒక్క రోజే కేటాయించగలిగితే పాలియోహోరాకు వెళ్లండి. ఊరు సముద్రంలోకి చొచ్చుకుపోయిన సన్నటి నేల మీద ఉంటుంది. పడమటి పక్క పాహియా అమ్మోస్, వెడల్పాటి ఇసుక బీచ్, ఒడ్డున నీడకు చెట్లు. తూర్పు పక్క హాలికియా, గులకరాళ్లది. రెంటికీ మధ్య నాలుగైదు నిమిషాల నడక. పన్నెండింటికి ఇసుక వైపు గాలి లేచి తువాళ్లు ఎగురుతుంటే, చెప్పులు చేత పట్టుకుని వీధులు దాటి అటు పక్కకు వెళ్తే నీటి మీద ముడత కూడా లేదు. కాఫీ కప్పులో నురగ కదలకుండా ఉంది. అంచనా తప్పినా రోజు పాడవని ఊరు ఇది. గులకరాళ్ల వైపు రబ్బరు చెప్పులు తప్పనిసరి. రాయి మీద అడుగు జారుతుంది, నీళ్లు కూడా వెంటనే లోతవుతాయి.

ఎలఫోనిసి బీచ్ హనియా నుంచి 75 కిలోమీటర్లు, దగ్గర దగ్గర రెండు గంటల ప్రయాణం. దారిలో తోపోలియా గండి దగ్గర సొరంగంలో ఒక్క వాహనమే పడుతుంది కాబట్టి సిగ్నల్ పెట్టారు. పదింటికి దాటితే అక్కడే వరుస కడతాం. మోకాలి లోతు నీళ్లు దాటితే అవతల చిన్న దీవి. పిల్లలకు ఇంతకంటే మంచి చోటు నేను చూడలేదు. గులాబీ ఇసుక గురించి మాత్రం నిజం చెప్పాలి. తీరమంతా గులాబీగా ఉండదు. నీరు తాకి వెనక్కి పోయే అంచున ఒక చారలా ఉంటుంది. తడి ఇసుక అరచేతిలోకి తీసుకుని పరచి చూస్తే తెల్లటి రేణువుల మధ్య ఎర్రటి నలుసులు విడివిడిగా కనిపిస్తాయి. ఫొరామినిఫెరా అనే అతి చిన్న సముద్రజీవుల పెంకుల ముక్కలవి. అవే ఎక్కువ చేరిన చోట రంగు చిక్కనవుతుంది. చూశాక అక్కడే వదిలేయాలి. ఇసుక తీసుకెళ్లడం నిషేధం. తాళ్లు కట్టిన ఇసుక దిబ్బల మీదికి ఎక్కకూడదు కూడా. టూరు బస్సులు పదకొండుకి దిగుతాయి, నాలుగింటికి కదులుతాయి. మేం తొమ్మిదికి చేరాం. నాలుగున్నరకు చేరినా మంచిదే, వేసవిలో ఎనిమిది దాటాక గానీ పొద్దుగూకదు. పడమటి గాలి గట్టిగా ఉంటే ఈ బీచ్ వద్దు. నీళ్లు నిలకడగానే ఉంటాయి గానీ ఇసుక లేస్తుంది.

బాలోస్ బీచ్‌కు రెండు దారులు. కిస్సమోస్ రేవు నుంచి పెద్ద పడవలో వెళ్తే గంట, మధ్యలో గ్రామ్‌వూసా దీవిలో ఆపుతారు. కొండ మీద వెనిస్ వాళ్ల కోట ఉంది, ఎక్కడానికి ఇరవై నిమిషాలు. గాలి పెరిగితే పడవ కదలదు, కాబట్టి టికెట్టు ముందురోజు రాత్రి అంకెలు చూశాకే కొనండి. రెండో దారి కారు. కలివియానీ దాటాక ఎనిమిది కిలోమీటర్ల మట్టి రోడ్డు, తర్వాత కాలినడకన మెట్ల దారి. దిగడం సులువే. ఎండలో తిరిగి ఎక్కడానికి అరగంట పడుతుంది, మధ్యలో ఒక్క చెట్టు లేదు. మనిషికి రెండు లీటర్ల నీళ్లు ఉండాల్సిందే.

కారు అద్దెకు తీసుకునేటప్పుడు పూర్తి బీమా ఉందని చెబుతారు. ఒప్పందంలో చిన్న అక్షరాలు చదివితే మట్టి రోడ్డు మీద టైర్లు, అద్దాలు, కారు అడుగు భాగం ఆ బీమాలోకి రావని ఉంటుంది. మాకు కారిచ్చిన సంస్థ ఒప్పందంలో ఈ మాట గ్రీకులోనే ఉంది. అడిగితేనే చెప్పారు. బాలోస్ రోడ్డు మీద రాయి తగిలి అడుగున నూనె తొట్టి పగిలితే ఖర్చు మొత్తం మనదే. ఆ మాట విన్నాక మేం పడవే ఎక్కాం. అక్కడ నీడ తక్కువ, తిండికి పెద్దగా ఏమీ దొరకదు. పొద్దున గదిలో పులిహోర కలిపి పట్టుకెళ్లాం. చింతపండు పులుపుకు అది ఎండలోనూ పాడవలేదు. శాకాహారులకు ఊళ్లలో ఇబ్బంది లేదు. ఎండు రొట్టె మీద టొమాటో, చీజు వేసిచ్చే డాకోస్ ప్రతి హోటల్లోనూ దొరుకుతుంది.

ఫలాసర్నా పడమటికి తెరుచుకున్న పొడవాటి ఇసుక తీరం, సూర్యాస్తమయానికి సాటిలేదు. పడమటి గాలి ఉంటే అలలు పెద్దవి. ఉత్తర కొసన పాత రేవు చూడకుండా రావద్దు. క్రీ.శ. 365లో వచ్చిన భూకంపానికి పడమటి క్రీటు నేల కొన్ని మీటర్లు పైకి లేచింది. ఒకప్పుడు ఓడలు ఆగిన రేవు ఇప్పుడు ఎండు నేల మీద ఉంది.

మెల్తెమి గట్టిగా ఉన్న మూడు రోజులూ మమ్మల్ని కాపాడింది మరాథి. హనియా నుంచి పదిహేడు కిలోమీటర్లే. అక్రోతిరి ద్వీపకల్పానికి ఆగ్నేయాన, సూదా అఖాతం ముఖద్వారంలో ఉంటుంది. ఉత్తరపు గాలికి వెనకున్న కొండలు అడ్డు. ఏ జాబితాలోనూ దీనికి మొదటి స్థానం ఇవ్వరు, ఫోటోలో అంత అందంగా రాదు. అదే రోజు ఉత్తర తీరంలోని ప్లాతానియాస్‌లో ఎర్ర జెండా ఎగురుతుంటే ఇక్కడ పిల్లలు నడుము లోతులో చేపలు చూస్తూ నిలబడ్డారు. జనం ఎక్కువ కాబట్టి పదిలోపు చేరాలి.

ఉత్తర తీరంలోనే ఉన్న జార్జియూపోలి పొడవైన బీచ్ గురించి ఒక హెచ్చరిక. ఉత్తరపు గాలి రోజుల్లో అక్కడ నీళ్లు ఒడ్డు నుంచి లోపలికి లాగుతాయి. అలలు విరగని, నురగ లేని సందు కనిపిస్తే ప్రశాంతంగా ఉందని అటు దిగకూడదు, లాగేది అక్కడే. చిక్కుకుంటే ఒడ్డుకు ఎదురీదకుండా, తీరం వెంబడి పక్కకు ఈది బయటపడి అప్పుడు ఒడ్డుకు రావాలి. కాపలా ఉన్న చోటే దిగండి. అత్యవసర నంబరు 112.

పడక కుర్చీలు రెండు, గొడుగు ఒకటి కలిపి అద్దెకిస్తారు. ముందు వరసకు ధర ఎక్కువ, వెనక వరసలో గాలి తక్కువ. 2024లో వచ్చిన చట్టం ప్రకారం కుర్చీలకూ నీటికీ మధ్య కనీసం నాలుగు మీటర్లు వదలాలి, బీచ్‌లో సగం ఖాళీగా ఉంచాలి. ఆ ఖాళీలో సొంత గొడుగు పాతుకోవడానికి ఎవరూ అభ్యంతరం చెప్పకూడదు. సూపర్‌మార్కెట్లో గొడుగు కొంటే కర్రను గాలి వచ్చే వైపు వంచి, రెండు జానల లోతున పాతండి. నిటారుగా పెడితే మొదటి జోరుకే లేచిపోతుంది. నూలు చుడీదారుతో నీళ్లలో దిగితే బట్ట బరువెక్కి కాళ్లకు చుట్టుకుంటుంది. ఒళ్లంతా కప్పే ఈత దుస్తులు మన ఊరి నుంచే కొనుక్కెళ్లడం మేలు.

ఇసుకలో పూడుకుని ఉండే ద్రాకేనా అనే చేపను తొక్కితే ముల్లు దిగి నొప్పి మంటలా పాకుతుంది. ఓర్చుకోగలిగినంత వేడి నీళ్లలో అరగంటకు పైగా పాదం పెట్టి ఉంచాలి. వేడికి ఆ విషం పని చేయకుండా పోతుంది. ఐసు పెట్టొద్దు. రాళ్ల మీద నల్లగా ముళ్ల బంతుల్లా కనిపించేవి సముద్రపు ఉర్చిన్‌లు. మందపాటి అడుగున్న నీటి చెప్పులుంటే వాటి భయం చాలావరకు ఉండదు.

చివరి రోజు గాలి పూర్తిగా పడిపోయింది. అలాంటి రోజు కోసమే గ్లికా నెరాను దాచుకున్నాను. దక్షిణ తీరంలోని హోరా స్ఫాకియా ఊరికి కారు, అక్కడి నుంచి చిన్న పడవ. పేరుకు అర్థం తియ్యటి నీళ్లు. కొండ కింద గులకరాళ్ల తీరం అది. నీటి అంచుకు నాలుగడుగుల ఇవతల రాళ్లు రెండు చేతులతో తోడితే మోచేతి లోతుకు ముందే చల్లటి నీరు ఊరుతుంది. ఉప్పు లేదు. తెల్ల కొండల మీద కరిగిన మంచు, కురిసిన వాన సున్నపురాయిలో ఇంకి ఇక్కడ బయటపడతాయి. సముద్రంలో ఈదుతుంటే కూడా ఒక అడుగు వెచ్చగా, పక్క అడుగు గడ్డకట్టినంత చల్లగా తగులుతుంది. వెనక్కి వచ్చే పడవ ఎన్నింటికో దిగేటప్పుడే పడవవాడిని అడిగి రాసుకోండి. అక్కడికి రోడ్డు లేదు. ఆ పడవ తప్పితే కొండ అంచున సన్నటి కాలిబాటలో గంట నడవాలి, చీకటి పడ్డాక ఆ బాట పట్టకూడదు.