అమ్మ టైటిల్ ఏంటి?

నిన్న సాయంత్రం అమ్మ ఖాతాలో ఫ్యామిలీ పెన్షన్ పడింది. నాన్న పోయి అయిదు నెలలు. అందులో నాలుగు నెలలు ఒక్క ప్రశ్న దగ్గరే గడిచిపోయాయి: అమ్మ నాన్నకు భార్య అవునా, కాదా? మంట చల్లారకముందే రాసేస్తున్నాను. ఒడిశాలో రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి వైపు మన తెలుగు రైల్వే కుటుంబాల వాళ్ళకి పనికొస్తుంది.

డెత్ సర్టిఫికెట్ తేలిగ్గానే వచ్చింది. ఇంట్లో పోయారు కాబట్టి మున్సిపాలిటీలో నమోదు. 21 రోజుల్లోపు అయితే రుసుం లేదు. 30 రోజులు దాటితే పై అధికారి అనుమతి, ఏడాది దాటితే మేజిస్ట్రేటు ఉత్తర్వు కావాలి. కర్మకాండ అయ్యాక చూద్దాంలే అనుకోకండి. ఫారంలో పేరు పీపీఓలో (పెన్షన్ మంజూరు ఉత్తర్వులో) ఉన్నట్టే, ఇంటిపేరు అక్షరంతో సహా, రాయించండి.

నాన్న విజయనగరం–రాయపూర్ లైనులో గ్యాంగ్‌మన్‌గా చేరి కీమ్యాన్‌గా రిటైరయ్యారు. 1931లో పూర్తయిన లైను అది. కీమ్యాన్ పని చూడనివాళ్ళకి చెప్పినా తెలీదు. సుత్తి, స్పానరు, ఎర్రజెండా, రైలుకి హెచ్చరికగా పేలే డిటొనేటర్లు భుజాన వేసుకుని, పోయేటప్పుడు ఒక పట్టా, వచ్చేటప్పుడు రెండో పట్టా, పట్టాని బిగించి ఉంచే కీలు ఒక్కొక్కటీ చూసుకుంటూ నడవాలి. వదులైనది కనిపిస్తే అక్కడే కొట్టి బిగించాలి. ఇంట్లో కాగితాలు కూడా ఆయన అలాగే చూసేవారు. ప్రతి నవంబరులో లైఫ్ సర్టిఫికెట్ ఇచ్చొచ్చాక ట్రంకు పెట్టె తెరిచి, పాలిథిన్ కవర్లోంచి ఒక్కో కాగితం తీసి, లెక్క చూసి, మళ్ళీ పెట్టేవారు. మేం నవ్వేవాళ్ళం. ఆ కవరే లేకపోతే ఈ పని ఇప్పటికీ తెమిలేది కాదు.

అందులో పాత పీపీఓ, సవరించిన పీపీఓ రెండూ ఉన్నాయి. ఈ రెండోది ముఖ్యం. నాన్న రిటైరైంది 2011లో. 2016 వేతన సవరణ ప్రకారం ఆయన చివరి మూలవేతనాన్ని కొత్తగా లెక్కగట్టి ఇచ్చిన కాగితం అది. ఫ్యామిలీ పెన్షన్ ఆ మూలవేతనంలో 30 శాతం, 9,000కి తగ్గకుండా. మూలవేతనం 40,000 అనుకుంటే నెలకి 12,000, దానిపైన డీఆర్ (పెన్షనర్లకిచ్చే కరువు భత్యం). రిటైరైన మనిషి 67 నిండకుండా పోతే కొంతకాలం 50 శాతం వస్తుంది: 7 ఏళ్ళు, లేదా ఆయనకి 67 నిండే తేదీ, ఏది ముందైతే అంతవరకు. నాన్నకి 74, కాబట్టి మాకది లేదు. రిటైరైనప్పుడు పెన్షన్‌లో కొంత ముందే ఒక్కసారిగా తీసుకున్నందుకు నెలనెలా పట్టే కమ్యుటేషన్ కోత ఫ్యామిలీ పెన్షన్‌లో ఉండదు. ఉంటుందని ఎవరైనా చెబితే పీపీఓ తీసి చూపించండి.

ఇంకో మాట. పోయిన రోజు వరకు ఆయన పెన్షన్, మర్నాటి నుంచి ఆమెది. ఆ తర్వాతి రోజులకి పొరపాటున పడిన డబ్బు ఏటీఎంలో తీయకండి. ఎలాగూ వెనక్కి పట్టుకుంటారు, పైగా అనుమానంగా చూస్తారు.

ఇక బ్యాంకు. పేరు రాయను.

మనకి ఇంటిపేరు ముందు వస్తుంది, అదీ ఒక్క అక్షరంతో సరిపెడతాం. ఒడియా వాళ్ళకి ఇంటిపేరు చివర. దాన్ని టైటిల్ అంటారు. నాన్న పేరు చివర 'రావు', అమ్మ పేరు చివర 'అమ్మ'. కౌంటర్లో గుమస్తా రెండు ఆధార్లూ పక్కపక్కన పెట్టి, అమ్మ కేసి చూసి, "మావుసీ, నీ టైటిల్ కణ?" (పిన్నీ, నీ టైటిల్ ఏంటి?) అన్నాడు. అమ్మకి ప్రశ్న అర్థం కాలేదు. అతనే తేల్చేశాడు: ఆయన టైటిల్ రావు, ఈవిడ టైటిల్ అమ్మ, మరి భార్య ఎలా అవుతుంది? వెనక లైన్లో ఎవరో నవ్వారు. యాభై రెండేళ్ళు కాపురం చేసిన మనిషి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని బల్ల మీద కూర్చుంది. నాన్న ఉంటే ఏం చేసేవారో తెలీదు గాని, నేను అరిచాను. అరిచినందుకు ఇంకో నెల పోయింది. కౌంటర్ దగ్గర గొడవ పడకండి, నేరుగా మేనేజరు గదిలోకి వెళ్ళండి.

రెండో చిక్కు అక్షరం. ఒడియాలో మన 'వ' చాలాచోట్ల 'బ' అయిపోతుంది. విజయ బిజయ అవుతుంది, వేంకట బెంకట అవుతుంది. అమ్మ పేరు 'వ'తో మొదలు. పీపీఓలో 'వ', ఆధార్‌లో 'బ'. ఇద్దరు మనుషులట! వారసత్వ సర్టిఫికెట్ తెమ్మన్నారు, తర్వాత నోటరీ అఫిడవిట్ అన్నారు, ఆ తర్వాత రైల్వేలో కొత్తగా రాయగడ డివిజన్ వచ్చింది కదా, పాత వాల్తేరు డివిజన్ పీపీఓ ఇక్కడ చెల్లుతుందో లేదో అన్నారు. అసలు పెన్షన్ ఇచ్చేది బ్యాంకు వారి కేంద్ర పెన్షన్ కార్యాలయం. డివిజన్ మారితే పాత పీపీఓ చెల్లకుండా పోదు.

దారి చూపింది నాన్నతో పనిచేసిన ఒక రిటైర్డ్ మేస్త్రీ. "వాళ్ళు అడిగేది కాగితం మీద రాసిమ్మనరా, నోటితో చెప్పిందానికి విలువేటి?" అన్నాడు. పీపీఓలో భార్య పేరు, పుట్టిన తేదీ, జంట ఫొటో ఉన్నాయి. పెన్షన్ పడే ఖాతా మొదటినుంచీ ఇద్దరి పేరా ఉంది, నాన్న పెట్టించిందే. అలాంటప్పుడు ఫ్యామిలీ పెన్షన్‌కి ప్రత్యేక ఫారం అక్కర్లేదు, కొత్త ఖాతా అక్కర్లేదు, వారసత్వ సర్టిఫికెట్ అసలే అక్కర్లేదు. మామూలు దరఖాస్తు, డెత్ సర్టిఫికెట్ నకలు, పీపీఓ నకలు, ఆమె వయసు రుజువు, ఎక్కువ పడితే తిరిగి ఇస్తానన్న హామీపత్రం, అంతే. ఇవన్నీ నాలుగు వాక్యాల్లో రాసి, "తిరస్కరిస్తే ఏ నిబంధన ప్రకారమో రాసి ఇవ్వండి" అని చివర్లో చేర్చి, రెండు ప్రతులు పట్టుకెళ్ళి ఒకదానిమీద ముద్ర వేయించుకున్నాను. నేను రాసిన దరఖాస్తుల్లో ఇంత పదునైనది ఇంకోటి లేదు, చెప్పుకోవడానికి సిగ్గేం లేదు. అదే రోజు సీపెన్‌గ్రామ్స్‌లో (కేంద్ర ప్రభుత్వ పెన్షన్ ఫిర్యాదుల వెబ్‌సైటు) ఫిర్యాదు పెట్టాను. అప్పటిదాకా అఫిడవిట్ అన్నవాళ్ళు ఆ ఊసే ఎత్తలేదు.

ఆధార్ మాత్రం దిద్దించాం, డిజిటల్ లైఫ్ సర్టిఫికెట్‌కి అదే కావాలి కనుక. పేరు మార్పు జీవితంలో రెండుసార్లే ఒప్పుకుంటారు. ఆపరేటరు ఇంగ్లిషులో కొడితే ఒడియా వరస దానంతటదే వస్తుంది, తప్పుగా. పంపకముందు రెండు వరసలూ తెర మీద చదవండి.

పుట్టిన తేదీ కూడా చూసుకోండి. 80 నిండితే ఫ్యామిలీ పెన్షన్ 20 శాతం పెరుగుతుంది. పీపీఓలో ఆ గడి ఖాళీగా ఉంటే అప్పుడు వెతుక్కోవాలి. పెన్షనరు బతికుండగానే దాన్ని నింపించండి. నాన్న నింపించారు, కింద తేదీ వేసి సంతకం కూడా చేశారు.

ఇంకా మెడికల్ కార్డు అమ్మ పేరు మీదికి మారాలి, విడో పాస్ (భర్త పోయినవాళ్ళకి రైల్వే ఇచ్చే ప్రయాణ పాస్) సంగతి చూడాలి. వెల్ఫేర్ ఇన్‌స్పెక్టరు సోమవారం రమ్మన్నారు. కవరు తీసుకెళ్తున్నాను.